పదకొండు గజాల లెక్క

"భారమితిలో పాదరసం ఎత్తు డెబ్బై ఆరు సెంటీమీటర్లు. పాదరసం సాంద్రత పదమూడు పాయింట్ ఆరు. పాదరసానికి బదులు నీళ్లు వాడితే ఎంత ఎత్తు నిలబడుతుంది?" పుస్తకంలోని లెక్కను తడబడకుండా చదివింది అరుణ.

"వెయ్యిన్ని ముప్పై మూడు పాయింట్ ఆరు సెంటీమీటర్లు. అంటే పది మీటర్లు దాటి కొంచెం," అన్నాడు కొమురెల్లి. తల కూడా ఎత్తలేదు. అతని చేతులు కాలిపోయిన మోటారులోంచి రాగితీగను లాగుతున్నాయి.

"గింత మంచిగ చెప్తవ్. రెండుసార్లు ఎట్ల తప్పినవయ్యా?"

"అదే నాకూ సమజైతలేదు."

అది పంతొమ్మిది వందల డెబ్బై మూడు వేసవి. వరంగల్ రైల్వేస్టేషన్ వెనక సందులో కొమురెల్లి మోటార్లకు వైండింగు కట్టే దుకాణం ఉంది. పగలు తీగ చుట్టడం, సాయంత్రం ఇంటర్మీడియట్ ఫిజిక్సు. రెండుసార్లు ఆ ఒక్క సబ్జెక్టే పోయింది. సెప్టెంబరులో మూడోసారి. ఏడో తరగతితో బడి మానేసిన భార్య అరుణే అతనికి ట్యూషన్ మాస్టరు.

అప్పుడే గడపలో నీడ పడింది. నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పోశయ్య. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ బల్ల మీద కూలబడ్డాడు.

"కొమురెల్లీ, రేపు పొద్దటి బండికి రావాలె. పటేలు రమ్మన్నడు."

"మల్ల మోటర్ కాలిందా ఏంది?"

"మోటర్‌కు ఏమైతది? మంచిగున్నదని మొన్న గురువారం నువ్వే చెప్తివి గద. ఆ మాటే రేపు ఊరందరి ముంగట చెప్పాలె."

పటేలు అంటే వెంకట్రాజం. ఊళ్లో పెద్ద రైతు. కిందటేడు వానలు ముఖం చాటేయడంతో తొమ్మిది గజాల బావిని పదిహేను గజాలకు తవ్వించాడు. అడుగున నీళ్లు పుష్కలంగా ఊరాయి. కానీ గట్టు మీది మూడు హార్సుల మోటారు వాటిని ఎత్తలేకపోయింది. అయిదు హార్సులది తెచ్చాడు. అదీ రెండు పుక్కిళ్ల నీళ్లు ఉమ్మి ఆగిపోయింది. పొట్టకొచ్చిన వరి పొలంలోనే ఎండుతోంది. గురువారం నాడు కొమురెల్లి వెళ్లి మోటారు విప్పాడు. వైండింగు బాగుంది. బేరింగులు బాగున్నాయి. పైపు అడుగున నీళ్లను జారనివ్వకుండా పట్టే వాల్వు బాగుంది. "మోటర్ల ఏ దోషం లేదు పటేలా. నా పని గంతవరకే," అని చెప్పి వచ్చేశాడు.

"రేపు ఊరంత ఎందుకు కూడుతాంది?" అనుమానంగా అడిగాడు.

"సోమక్క ముందటి పండ్లు పీకుతరు," అన్నాడు పోశయ్య, పొలానికి ఎరువు తోలుతున్నామన్నంత మామూలుగా. "మోటర్ మంచిగుండె, బాయిల నీళ్లుండె. మరి ఎందుకొస్తలేవు? బాణామతి చేసింది. పండ్లు లేకుంటె మంత్రం నోట తిరగదని మంత్రగాడు చెప్పిండు."

సోమక్కది పటేలు బావి పక్కనే ఎకరం చెలక. ఒంటరి ఆడది. నోరు గట్టిది. పటేలు బావి లోతు చేస్తున్నప్పుడు గట్టు మీద నిలబడి గొడవ పెట్టుకుంది. నా ఊట గుంజుకుంటున్నవ్, ఆ నీళ్లు నీకు దక్కయి అన్నది. ఊరంతా విన్నది. ఆమె పాత బావి ఏడు గజాలే, వాగు పక్కన ఉండడంతో మోటతోనే నీళ్లు వస్తున్నాయి. ఊరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"నేను మోటర్ మంచిగున్నదన్న. ఆమె చేసిందని అన్లే!" అన్నాడు కొమురెల్లి.

"అయితె ఎందుకొస్తలేవో నువ్వే చెప్పు."

కొమురెల్లి మళ్లీ రాగితీగ లాగసాగాడు.

అరుణ ఇచ్చిన చాయ్ తాగి పోశయ్య లేచాడు. గడప దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ఆఁ, మరిచిన. నీ పక్కడు గూడ పట్టుకరా. మా ఊళ్లె సక్కటిది లేదు."

కొమురెల్లి చూపు తన పనిముట్ల పెట్టె మీద పడింది. పైనే ఉంది పక్కడు. రోజూ నట్లు బిగించే, తీగలు లాగే ఇనుప పట్టకారు. దాన్ని తాకడానికి చేయి రాలేదు.

అరుణ పుస్తకం మళ్లీ తెరిచింది.

"ఇగో, ఒకటడుగుత. కోప్పడకు. ఈ లెక్కల పది మీటర్లంటివి గద. పది మీటర్లంటె ఎన్ని గజాలు?"

"గజానికి తొంభై ఒక్క సెంటీమీటర్లు. పదకొండు గజాల మీద ఒక జానెడు. ఎందుకు?"

"ఏం లేదు. బాయిల సంగతి ఎవ్వరు చెప్పినా గజాలల్లనే చెప్తరు. అందుకే అడిగిన."

కొమురెల్లి చేతిలోంచి రాగితీగ జారిపోయింది.

పదకొండు గజాలు! గురువారం పటేలు బావిలో మోటారు నుంచి నీళ్ల దాకా పైపు ఎంత? పన్నెండు గజాలు. తానే తాడు వేసి కొలిచాడు. లెక్కను వందసార్లు రాశాడు, పంపులను వందసార్లు విప్పాడు. పుస్తకం మీటర్లలో మాట్లాడింది, బావి గజాలలో మాట్లాడింది. రెండూ ఒకే నీళ్ల గురించి చెబుతున్నాయని ఏడో తరగతి చదివిన ఇల్లాలు అడిగేదాకా అతనికి తట్టనే లేదు.

* * *

మర్నాడు ప్యాసింజరు గంటన్నర ఆలస్యం. నెక్కొండలో దిగి, వైరు చుట్ట భుజాన, పనిముట్ల పెట్టె చేతిలో పట్టుకుని రెండు కోసులూ పరుగులాంటి నడక నడిచాడు కొమురెల్లి. బావి దగ్గరికి చేరేసరికి సూర్యుడు నడినెత్తి మీద ఉన్నాడు.

జనం వలయం కట్టి ఉన్నారు. నడుమ సోమక్క. చేతులు వెనక్కి కట్టారు. ఆమె కళ్లలో భయం ఉంది, కానీ నోరు ఆగలేదు. "వచ్చిండు సాక్షి! రా కొడుకా, పక్కడు తెచ్చినవా?"

"ఆగుండ్రి!" అరిచాడు కొమురెల్లి. "పటేలా, ఇది బాణామతి కాదు. గాలి!"

అతనికి తెలిసినదంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. "మోటర్ నీళ్లను గుంజుతదనుకుంటున్నం. గుంజదు. పైపుల గాలిని తీసేస్తది, గంతే. బాయిల నీళ్ల మీద కూసున్న గాలి తన బరువుతోటి నీళ్లను పైపుల్లకు నెడుతది. ఆ గాలికున్న బలం పదకొండు గజాలే. నీ నీళ్లు పన్నెండు గజాల కిందున్నయి. యాభై హార్సుల మోటర్ పెట్టినా పైకి రావు."

"గాలికి బరువేందిర?" నవ్వాడు పోశయ్య. జనం కూడా నవ్వారు.

కొమురెల్లి ఒక చెంబు నిండా నీళ్లు తీసుకున్నాడు. దాని మూతి మీద మోదుగాకు పెట్టి, అరచేత్తో అదిమి, తలకిందులు చేసి చేయి తీశాడు. ఆకు ఊడలేదు. చుక్క నీరు కారలేదు.

"చూసిండ్రా? కిందికెల్లి గాలి పట్టుకున్నది!"

ముందు వరసలో ఉన్నవాళ్లు గబుక్కున వెనక్కి జరిగారు.

"ఓరి వీని! వీనికి గూడ బాణామతి వచ్చు!" కేక పెట్టాడు పోశయ్య.

పుస్తకంలోని ప్రయోగం అక్షరాలా సరిగ్గా జరిగింది, ఊరు దాన్ని తలకిందులుగా చదువుకుంది. మంత్రగాడు మీసం మెలేస్తున్నాడు. ఇక మాటలతో పని కాదు. కొమురెల్లి పెట్టెలోంచి పక్కడు తీసి వెంకట్రాజం చేతిలో పెట్టాడు.

"పటేలా, బాయి లోపట అయిదు గజాల కింద రాతిగట్టున్నది. మోటర్‌ను ఆడికి దించుత. అప్పుడు నీళ్లదాక ఏడు గజాలే ఉంటది. గాలి ఏడు గజాలు నెడితె చాలు, మిగిలింది మోటర్ తోస్తది. నీళ్లు రాకుంటె ఇగో, నీ చేతుల పక్కడున్నది, నా నోట్లె పండ్లున్నయి. ముందుగాల నావే పీకు."

వెంకట్రాజం అతని ముఖంలోకి చూశాడు. ఎండుతున్న వరి వైపు చూశాడు. "ఇంక మునిగేదేమున్నది? దించుండ్రి," అన్నాడు.

మూలన పడేసిన పాత మోట గిలక మళ్లీ గట్టెక్కింది. మోటతాడుకు మోటారు కట్టారు. మోట తోలడం మరిచిపోని ముసలి ఎడ్లు ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తుంటే మోటారు బావిలోకి దిగింది. కొమురెల్లి మెట్లు దిగి రాతిగట్టు మీద దాన్ని బిగించాడు. కింద మిగిలిన పైపు కోసి పైకి తోసే వైపు అతికించాడు. అతుకుల దగ్గర నార చుట్టి రంగు పూశాడు. సూది మొనంత సందున్నా గాలి దూరుతుంది, గాలి దూరితే తన పళ్లూ, సోమక్క పళ్లూ గోవిందా.

"మోటర్ తిరిగే ముంగట పైపు నిండ నీళ్లు పొయ్యాలె," గట్టెక్కి చెప్పాడు. "ఆ నీళ్లు సోమక్క బాయివే కావాలె. సోమక్కే పొయ్యాలె."

గుంపులో కలకలం రేగింది. "ఆమె చెయ్యి తాకితె..."

"ఆమె చెయ్యి తాకినంకనే నీళ్లు రావాలె. మీరు చూడాలె."

కట్లు విప్పారు. సోమక్క తన బావి నుంచి బిందె తెచ్చి మెట్లు దిగింది. పోస్తూ పోస్తూ కొమురెల్లి చెవిలో అన్నది. "కొడుకా, రాకుంటె ఇద్దరం బోసినోళ్లతోటే జాతరకు పోవాలె గద."

"వస్తయి అత్తా," అన్నాడు. లోపల మాత్రం డెబ్బై ఆరు ఇంటూ పదమూడు పాయింట్ ఆరు అని మరోసారి హెచ్చవేసుకున్నాడు.

స్విచ్చు వేశారు. ఉలుకూ పలుకూ లేదు. కరెంటు పోయింది!

"అయిపాయె!" పెదవి విరిచాడు మంత్రగాడు. "ఆమె చెయ్యి పడ్డది, కరెంటే పోయె."

"కొమురెల్లీ, పొద్దుగాల పండ్లపొడి పెట్టుకున్నవా? ఆఖరిసారి అయితదేమో," అన్నాడు పోశయ్య.

పది నిమిషాలు. ఇరవై. వెంకట్రాజం చేతిలోని పక్కడు ఎండకు వేడెక్కింది. కొమురెల్లి బావి మెట్ల మీద పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. అరగంటకు మోటారు ఒక్కసారి జుమ్మంది.

పైపు దగ్గింది. ఒక పుక్కిలి ఉమ్మింది. మరొకటి. ఎప్పటిలాగే ఆగింది. జనంలో ఎవరో నవ్వబోయారు.

ఆ నవ్వు పూర్తి కాలేదు. చేతి మందం ధార దూకి కాలువను తాకింది, మట్టిని చీల్చుకుంటూ వరి మడి వైపు పరుగెత్తింది. ఆగలేదు! పిల్లలు నీళ్లలోకి దూకారు. ఒక్కొక్క ఆడమనిషీ కొంగు బిగించి కాలువకు అడ్డాలు తీయడానికి పరుగు పెట్టింది. మంత్రగాడు ఎటుపోయాడో ఎవరూ చూడలేదు.

సోమక్క ధార కింద దోసిలి పట్టింది. నోరు పుక్కిలించింది. తెల్లటి పళ్లన్నీ కనబడేలా ఊరి వైపు తిరిగి నవ్వింది.

వెంకట్రాజం తలకు చుట్టిన తువ్వాల తీశాడు. "తప్పయింది సోమక్కా."

"నాతోటి ఎందుకు పటేలా? ఊరితోటి చెప్పు. నెల రోజులకెల్లి నన్ను చూసి తలుపులేసుకున్నోళ్లందరు ఇనాలె."

వెంకట్రాజం గట్టెక్కి ఆ మాటే గట్టిగా, ఊరందరూ వినేలా చెప్పాడు. తర్వాత పక్కడును కొమురెల్లికి తిరిగి ఇచ్చాడు. కొమురెల్లి దానితో పైపు చివరి నట్టు ఒక చుట్టు బిగించి నిలబడ్డాడు.

"గెలిసినవుర పిలగా," వీపు మీద చరిచాడు పోశయ్య. "ఈసారి పరీక్ష తప్పితె మాత్రం నీ పండ్లు మేమే పీకుతం."

తప్పలేదు. సెప్టెంబరులో కొమురెల్లి పాసయ్యాడు. కానీ ఆ రోజు బావి గట్టు మీద అతనికి గెలిచినట్టు అనిపించలేదు.

"నేను గూడ తప్పు చేసిన," అన్నాడు అందరితో. "గురువారం మోటర్ మంచిగున్నదన్న. అది నిజమే. కని నీళ్లెందుకొస్తలేవో నాకు తెల్వదని చెప్పలేదు. పట్నం మేస్త్రిని, తెల్వదంటె ఇజ్జత్ పోతదనుకున్న. నేను నోరు మూసుకున్న జాగలనే మీరు ఈ అత్తను తెచ్చి నిలబెట్టిండ్రు."

కొమురెల్లి పక్కడును పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"ఇగ ముందట తెల్వనిది వస్తె తెల్వదని చెప్దం. తెలిసినోన్ని అడుగుదం, లేకుంటె లెక్క చేసి చూద్దం. తెల్వనిదానికి మనిషిని మాత్రం బలి ఇయ్యొద్దు."