అమ్మకానికి పెట్టిన పేరంటాలు

జాము పొద్దెక్కినా పగిడయ్య స్టాల్లో ఒక బొమ్మకి మాత్రం చోటు కుదరలేదు. ఎడ్లబండ్లు ముందు వరసలో, ఏనుగులు వెనక, పెళ్ళిపీటలు పక్కన, అన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. మూరెడెత్తున్న ఆడమనిషి బొమ్మను మాత్రం గోనెపట్టా కప్పి, ఏనుగుల చాటున, మొహం గుడ్డగోడ వైపు తిప్పి పెట్టాడు. అంత దాచుకునేవాడు ఇంటి దగ్గరే వదిలి రావొచ్చు కదా అంటారేమో. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కారేపల్లి పక్క ఊరు నుంచి భద్రాచలం నవమి సంతకి వచ్చేస్తే ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు. చీకటింట్లో ఆమెను ఒక్కదాన్నీ ఉంచి రావడానికి అతనికి మనసొప్పలేదు.

ఆమె పేరు సుబ్బరత్నం. సత్తుపల్లి దగ్గరి రైతు వెంకటనారాయణ భార్య. కిందటేడు విషజ్వరంతో పోయింది. పసుపుకుంకాలతో పోయిన ఇల్లాలు కలలో కనపడి చోటడిగితే, ఆమె రూపం కొయ్యలో చెక్కించి పేరంటాలుగా ఇంట్లో నిలుపుకోవడం, ఏటా చీర పెట్టడం ఆ వైపు ఇళ్ళల్లో ఆచారం. వెంకటనారాయణ కలలోకీ వచ్చింది. తెల్లారేసరికి అతను ఏడుస్తూ పగిడయ్య వాకిట్లో ఉన్నాడు. బొమ్మ పూర్తయ్యేసరికి ఆ ఏడుపూ పూర్తయింది. ఖమ్మంలో రెండో సంబంధం కుదిరింది. "ఇప్పుడొద్దులే పగిడయ్యా, కొత్త మనిషి బెదురుద్ది" అన్నాడు. కలలోకొచ్చిన పెళ్ళాం కంటే ఇంట్లోకొచ్చిన పెళ్ళాం మాటే నెగ్గుతుంది మరి.

పగిడయ్యకి ఆమె మొహం ఫొటో చూపించి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఇంటికి తలుపులు బిగించింది అతనే. రోజూ పనయ్యాక ఆమే వచ్చి చిత్రికపట్టిన పొట్టంతా చాటలోకి ఎత్తుకునేది. "నీ పని ఆగితే నా పొయ్యి ఆగుద్ది పగిడయ్యా, నిదానంగా చెయ్యి" అని నవ్వేది. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు చల్ల ముంత తెచ్చి పెట్టేది. ఆ నవ్వు పూర్తిగా రానీయకుండా, వచ్చీరానట్టు పెదవి కొసన ఆపి చెక్కాడు. అంత బాగా మరే బొమ్మా కుదరలేదు అతనికి.

పేరంటాలు బొమ్మకి వడ్రంగి ధర చెప్పడు. ఇంటివాళ్ళు పళ్ళెంలో బియ్యం, బట్టలు, తోచిన పైకం పెట్టి, దండం పెట్టి తీసుకెళ్తారు. బేరమాడినవాడు లేడు. అమ్మినవాడు అసలే లేడు. అమ్మాడని తెలిస్తే ఇంకే గడపా ఆ చేతికి పేరంటాలు పని ఇవ్వదు. బండిచక్రాలు అందరూ చేస్తారు. పగిడయ్యకున్న పేరంతా పేరంటాళ్ళ వల్ల వచ్చిందే.

సంతలో చేతిపనులవాళ్ళకి వరసగా స్టాళ్ళు వేయించిన ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక గోనెపట్టా ఎత్తాడు.

"ఏందయ్యా, ఉన్నవాటిల్ల మంచిదాన్ని మూలకేసినవ్?" అంటూ తనే బొమ్మను తీసుకొచ్చి, వచ్చేపోయేవాళ్ళ కళ్ళకి ఎదురుగా, ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద నిలబెట్టాడు. "రేటు చీటీ ఏది?"

"అది అమ్మేది కాదు సార్."

"అమ్మనిది స్టాల్ల ఉండొద్దు. చీటీ అన్న పెట్టు, బయటికన్న తియ్యి."

బయటంటే ఎక్కడ? రాత్రిళ్ళు తాము పడుకునే, కాలు పెట్టే సందు లేని సత్రం అరుగు మీదా? పగిడయ్య బుర్ర గోక్కున్నాడు. భార్య పుల్లమ్మే ఉపాయం చెప్పింది. "ఎవ్వలు కొనలేనంత రాయి. చూసి పోతరు."

జత ఎడ్లబండి నలభై రూపాయలు. ఈ బొమ్మకి ఐదు వందలని రాసి, ఆ చీటీ మెడకి కట్టడానికి చెయ్యి రాక కాళ్ళ దగ్గర పెట్టాడు.

ఉపాయం ఒక రోజే పనిచేసింది. మర్నాడు పొద్దున్నే మణుగూరు కాలనీ నుంచి ఒక ఇంజినీరుగారి భార్య వచ్చి బొమ్మ ముందు ఆగిపోయింది. "ఎంత బాగుంది మొహం! మా టీవీ మీద పెడితే సరిగ్గా సరిపోతుంది. సాయంత్రం డబ్బు తెస్తాను, ఎవరికీ ఇవ్వకు" అంది. చీటీ మీద అంకె ఉన్నాక కాదని పగిడయ్య ఎట్లా అంటాడు?

ఆమె అటు వెళ్ళగానే పుల్లమ్మ అంది. "ఇచ్చేయ్. ఇల్లు కప్పించుకోవచ్చు. కట్టుకున్నోడే వద్దన్న మనిషిని మనమెంతకాలం మోస్తం?"

"పీటేసి కూసోబెట్టాల్సిన మనిషిని టీవీ మీద పెడ్తదంట!" పగిడయ్యకి కోపమొచ్చింది. ఆ కోపంలో సగం తన మీదే. దాచుకోవడం చేతకాక బజార్లో నిలబెట్టింది తనే కదా.

మిట్టమధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు, చంకలో గుడ్డసంచి. ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా బొమ్మ ముందుకొచ్చి, చెంప మీద వేలితో రాసి చూసింది.

"నేను సుబ్బులు తల్లిని. రాఘవమ్మని. మధిర అవతల మా ఊరు" అంది. "బొమ్మ నీ దగ్గరే ఉండిపోయిందని తెలిసి మీ ఊరెళ్ళాను. తాళమేసుంది. ఇక్కడున్నావన్నారు."

పగిడయ్య ప్రాణం కుదుటపడింది. సాయంత్రం వచ్చే గండం గట్టెక్కిందనుకున్నాడు. "నీ బిడ్డను నువ్వు తీస్కపో తల్లీ. నాకేమొద్దు" అని బొమ్మ ఎత్తి అందించబోయాడు.

రాఘవమ్మ చేతులు చాపలేదు.

"ఊరికే తీసుకోకూడదయ్యా. అది వాళ్ళింటి పేరంటాలు. పుట్టింట్లో నిలుపుకునే హక్కు నాకు లేదు. రేపు ఆ ఇంట్లో దూడకి దగ్గొచ్చినా, మా దేవతను ఎత్తుకెళ్ళావని నా మీదికొస్తారు. పట్టుకెళ్ళి అటక మీద పడేస్తారు. సంతలో కొనుక్కున్నదాన్నయితే ఎవడూ నోరెత్తలేడు. ఎంత రాశావు?"

పుల్లమ్మ గొంతు తగ్గించి చెప్పింది. పగిడయ్య గబుక్కున చీటీ చింపేశాడు. "అది ఎవ్వలు కొనకుండ రాసిందమ్మా. రూపాయియ్యి. కొన్నట్టే గదా."

ముసలమ్మ మొహం మాడిపోయింది. "నా కూతురు రూపాయా?"

పగిడయ్యకి తల ఎత్తబుద్ధి కాలేదు. మంచికి పోతే చెడెదురవడం అంటే ఇదే. ఆమె సంచిలోంచి మూట తీసి విప్పింది. ఎంత చెప్తాడో తెలియక పాడిగేదెను బేరగాడికి తోలేసి వచ్చిందట. ఐదు వందలూ లెక్కపెట్టి పుల్లమ్మ చేతిలో పెట్టింది. పుల్లమ్మకి ఇందాకటి ఆశ ఏమైందో, ఆ నోట్లు పట్టుకుని ఏడ్చింది.

"ఇప్పుడు నలుగురూ వినేట్టు చెప్పు, నాకు అమ్మానని" అంది రాఘవమ్మ.

పగిడయ్య పక్కకి తిరిగి చూశాడు. పక్క స్టాల్లో జంపయ్య ఇందాకటి నుంచీ ఇటే చూస్తున్నాడు. వడ్రంగుల కులపెద్ద. అతని చెవిన పడితే నెల తిరక్కుండా పేరంటాళ్ళున్న గడపలన్నిటికీ తెలుస్తుంది. చాటుగా ఇచ్చి పంపితే తన పేరు నిలుస్తుంది, సుబ్బులు నిలవదు. పగిడయ్య బల్ల ఎక్కాడు.

"వినుండ్రి! సుబ్బరత్నమ్మ పేరంటాలు బొమ్మ, ఈ రాఘవమ్మకు ఐదొందలకు అమ్మిన! పైసలు ముట్టినయ్! ఇగ దీని మీద ఎవ్వలకు హక్కు లేదు!"

పోయేవాళ్ళు ఆగి చూశారు. జంపయ్య లేచి నిలబడ్డాడు. "పేరంటాలునా? అమ్మినవా?"

"అవ్. అమ్మిన."

జంపయ్య తన పీట ఎత్తి అటు తిప్పుకుని, వీపు ఇటు చేసి కూర్చున్నాడు.

రాఘవమ్మ బొమ్మను చంకనెత్తుకుంది. స్టాలు నీడ దాటేచోట ఒక్క క్షణం నిలబడి, కొంగు లాగి దాని నెత్తిన కప్పి, ఎండలోకి నడిచింది.