తిమింగలం గారి ఊపిరి

ఊపిరి బిగబట్టమని చెప్పడమే అక్క ఉద్యోగం. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని స్కానింగ్ గది ఆవిడది. వచ్చినవాళ్ళ పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, "గట్టిగా పీల్చండి, బిగబట్టండి, ఆఁ, ఇక వదలండి" అని పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పాట. పోనీ ఇంటికొస్తే ప్రశాంతమా అంటే, అక్కడా అదే గోల. కాకపోతే ఇంట్లో ఎవరూ అడక్కుండానే తమ్ముడు బిగబట్టుకుని కూర్చునేవాడు.

తమ్ముడికి ఫైర్ సర్వీసులో చేరాలని చిన్నప్పట్నించీ పిచ్చి. రాతపరీక్ష మంచినీళ్ళు తాగినట్టు రాసేస్తాడు. తాడు పట్టుకుని ఎక్కమంటే కోతికి పాఠం చెప్తాడు. పరుగు దగ్గరే కొంప మునుగుతోంది. రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ ఆఖరి రౌండులో నిలబడిపోయాడు. కాలు బెణికిందా అంటే లేదు, కళ్ళు తిరిగాయా అంటే లేదు. ఉన్నట్టుండి ఆగిపోయి, నడుం మీద చేతులు వేసుకుని, తెల్లమొహంతో బయటికి వచ్చేశాడు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఆ తర్వాత జన్మంతా బావ టైర్ల షాపులో పంక్చర్లు వేసుకోవడమే. బావ మంచివాడే, షాపూ మంచిదే, కానీ ఫైరింజను గంట వినపడితే పాన పక్కన పడేసి రోడ్డు మీదికి పరిగెత్తేవాడు పంక్చర్లు ఏం వేస్తాడు?

ఫోనులో ఎవడో కండలవాడు చెప్పాట్ట, రోజూ ఊపిరి బిగబట్టడం సాధన చేస్తే ఒంట్లో సత్తువ పెరిగి గుర్రంలా పరిగెత్తొచ్చని. అంతే, మనవాడు పట్టేసుకున్నాడు. పొద్దున పరుగు నుంచి రాగానే సోఫాలో బిగబట్టడం, భోజనాల దగ్గర బిగబట్టడం. బావ ఉప్పు అందుకోమంటే పలకడు, బుగ్గలు పొంగించి గోడకేసి చూస్తుంటాడు.

"మన తిమింగలం గారు మునిగారా, తేలారా?" అని బావ గరిటెతో కంచం మీద కొట్టేవాడు.

అక్కకి ఒళ్ళు మండిపోయేది. "పరుగు రావాలంటే పరిగెత్తరా బాబూ. కుర్చీలో కూర్చుని పరుగు నేర్చుకున్నవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. వింటేగా! నీళ్ళలో మాత్రం ఈ వేషాలు వెయ్యనని గట్టిగా ఒట్టు వేయించుకుని ఊరుకుంది.

ఊరుకుంది గానీ లోపల బెంగ ఊరుకుంటుందా? పరుగు పరీక్ష దగ్గర పడుతున్న కొద్దీ ఆవిడకి అన్నం సహించలేదు. చివరికి తన పై డాక్టరమ్మ దగ్గర మొత్తం వెళ్ళబోసుకుంది. డాక్టరమ్మ నవ్వుతుందనుకుంది. ఆవిడ నవ్వలేదు.

"ఊపిరి బిగబడితే ప్లీహం, అదే స్ప్లీన్, ముడుచుకుంటుందని చదివానమ్మా. ఎప్పుడూ చూడలేదు. భోజనాల వేళ గది ఖాళీగా ఉంటుందిగా, తీసుకురా మీ తిమింగలాన్ని."

సరే, ఈ దెబ్బతో వీడి పిచ్చి వదిలిపోతుందని అక్క వాణ్ణి లాక్కొచ్చి మంచం మీద పడుకోబెట్టింది. డాక్టరమ్మ వెనక నిలబడింది. ఎడమ పక్క, పక్కటెముకల సందులోంచి ప్లీహం తెర మీదికి వచ్చింది. పిడికిలంత ఉంటుందది, బూడిదరంగులో. ఇన్నేళ్ళలో అక్క వేలమందిలో దాన్ని చూసింది. చూడ్డం, కొలవడం, పంపించెయ్యడం. అదొకటి ఒంట్లో ఉందని రోగులకే గుర్తుండదు, ఆవిడకీ దాని మీద పెద్ద గౌరవం లేదు.

"బిగబట్టరా."

మొదటిసారి పెద్దగా తేడా లేదు. కాసేపు తెరిపిచ్చి రెండోసారి బిగబట్టించింది. మళ్ళీ కొలిచింది. తన చెయ్యి జరిగిందేమో అనుకుని సర్దుకుని ఇంకోసారి కొలిచింది. చెయ్యి జరగలేదు. ప్లీహమే చిక్కింది.

మూడోసారి బిగబట్టాక ఆవిడ తెర మీంచి కన్ను తియ్యలేదు. తడిబట్ట పిండితే ఎలా సన్నబడుతుందో అలా సన్నబడుతోందది, మెల్లగా, ఎవరూ చెప్పకుండా.

"దాచిపెట్టుకున్న రక్తకణాలు బయటికి పంపిస్తోంది. గాలి అందట్లేదని దానికి తెలిసిపోయింది" అంది డాక్టరమ్మ, గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించి.

అక్కకి ఒళ్ళు జలదరించింది. పలకదు ఉలకదు అనుకున్నది ఇంతకాలం కాపలా కాస్తోందా? తమ్ముడి పొట్టలో, తన పొట్టలో, బయట వరసలో కూర్చున్న ప్రతివాడి పొట్టలో?

ఈలోపు ప్లీహం పైనున్న తెల్లటి గీత ఎగిరిపడింది. ఊపిరాడించే పొర అది, గాలి కావాలని తన్నుతోంది. మళ్ళీ తన్నింది. తర్వాత వరసగా, ఆగకుండా. తెర మీద అంతా అల్లకల్లోలంగా ఉంది. అక్క భయపడి తమ్ముడి మొహంలోకి చూసింది. మొహం మాత్రం నిద్రపోతున్న పిల్లాడి మొహంలా ఉంది. నుదుటి మీద ముడత కూడా లేదు. ఇంత గొడవ లోపల జరుగుతుంటే మనిషి ఇలా ఉండగలడా? చేతిలో స్కాన్ చేసే ప్రోబు పట్టుకుని, నోరెళ్ళబెట్టి, ఆవిడ అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏమ్మా, వదలమనవేం?" డాక్టరమ్మ భుజం తట్టింది.

అయ్యో, మరిచేపోయింది! ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ రోగి దగ్గరా మరవని మాట. "వదలరా, వదిలెయ్!"

వాడు మెల్లగా వదిలాడు. "నువ్వు చెప్తావని చూస్తున్నా" అన్నాడు, అదేం పెద్ద విషయం కానట్టు.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "చూడు బాబూ, ఇది అద్భుతమే. కానీ ఆ వచ్చిన రక్తం కాసేపటికి మళ్ళీ దాని గూట్లోకి పోతుంది. గుండెకి, కాళ్ళకి సత్తువ రావాలంటే పరిగెత్తాల్సిందే. దీంతో రాదు."

ఆవిడ వెళ్ళాక అక్క జెల్లు తుడుస్తూ, "విన్నావుగా. ఇన్నాళ్ళూ దండగే" అంది.

"సత్తువ కోసం కాదక్కా." వాడు పైకప్పుకేసి చూశాడు. "నాన్న పోయేటప్పుడు మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం ఎలా కొట్టుకున్నాడో చూశాంగా. ఆఖరి రౌండులో నాకు ఆయాసం వస్తుంది చూడూ, అదే చప్పుడు. నా నోట్లోంచి నాన్న చప్పుడు వస్తుంది. చచ్చిపోతున్నాననిపించి ఆగిపోతాను. సిగ్గేసి నీకు చెప్పలేదు. గాలి చాలకపోయినా ఏం కాదని ఒంటికి నేర్పిస్తున్నా, అంతే."

అక్క తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆ చప్పుడు తనకీ తెలుసు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాడు బెదిరిపోతాడని మొహం తిప్పుకుని, "రేపట్నించి నేనూ గ్రౌండుకొస్తా. మొత్తం దూరం పరిగెత్తాలి, మధ్యలో ఆపితే ఊరుకోను" అంది. అన్నట్టే రోజూ వెళ్ళింది. కొన్నాళ్ళు ఆగాడు, కొన్నాళ్ళు ఆగకుండా నడిచాడు, కొన్నాళ్ళు పరిగెత్తాడు.

పరీక్ష రోజు బావ షాపు మూసేసి మరీ వచ్చాడు. తాడు కట్టిన అంచున ముగ్గురు నలుగురి వెనక ఇద్దరూ నిక్కి చూశారు. తమ్ముడు ముందు గుంపులో లేడు, వెనకబడ్డవాళ్ళలోనే ఉన్నాడు. ఆఖరి రౌండు మలుపు తిరిగేసరికి వాడి ఊపిరి ఇవతలికి వినపడింది. గరగరమంటూ, ఈడ్చుకుంటూ, అచ్చం అదే చప్పుడు. అక్క కళ్ళు మూసేసుకుంది.

"చూడవే. ఆగట్లేదు" అన్నాడు బావ. ఎగతాళి లేదు ఆ గొంతులో. "తిమింగలం ఆగట్లేదే."

ఆగలేదు. విజిల్ పడేలోపు గీత దాటి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆఫీసరు వాడి నంబరు పాసైన వాళ్ళలో చదివాడు. అక్కకి ఆ మాట చెవికెక్కలేదు. తాడు కింద నుంచి దూరి పరిగెత్తింది. వాడి నోరు తెరుచుకునే ఉంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఆ చప్పుడు ఇంకా ఆగలేదు.

"ఊపిరి తీసుకోరా, నాన్నా, మెల్లిగా" అంటూ ఏడ్చేసింది.

వాడు మాట్లాడలేక ఆవిడ చెయ్యి పట్టుకుని తన గుండె మీద పెట్టుకున్నాడు. కాసేపటికి ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది. "భయపడకక్కా. ఇది... ఒట్టి ఆయాసం. తగ్గిపోతుంది."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. అరచేతి కింద ఆ రొప్పు ఒక్కొక్క మెట్టే దిగుతూ, దిగుతూ, నిజంగానే తగ్గిపోయింది.