రంగు చాలని బీరు

మిరపకాయను అరచేతిలో నలిపి సరుకు ఎలాంటిదో చెప్పే మనిషికి బీరు రంగు ఎందుకు నచ్చదో, పాపం, సాయికౌశిక్‌కి ముందే తట్టి ఉండాల్సింది.

వాడరేవులో రిసార్టు పెట్టకముందు యలమంద ముప్పై ఏళ్లు గుంటూరు యార్డులో మిర్చి అమ్మాడు. రిసార్టులోనే బీరు కాచే ట్యాంకొకటి పెట్టించి, ఎవరూ పని ఇవ్వని రోజుల్లో కౌశిక్‌ని పిలిచి మరీ అప్పజెప్పాడు. ఐదు వారాలు కంటికి రెప్పలా కాచుకుని కౌశిక్ ఐరిష్ రెడ్ ఏల్ అనే రకం బీరు తయారు చేశాడు. బెంగళూరులో అతనికి ఈ విద్య నేర్పిన శరణ్య ఇవాళ దాన్ని రుచి చూడ్డానికి వస్తోంది. బాగుందంటే ఆమె కొత్తగా తెరుస్తున్న బ్రూవరీ మొత్తం కౌశిక్ చేతికే. ఇలాంటి అదృష్టం మళ్లీ మళ్లీ తలుపు తడుతుందా ఏమిటి!

పొద్దున్నే యలమంద గ్లాసు ఎండకెత్తి పెదవి విరిచాడు. పూజారుల ఇంటి పిల్లాడని కౌశిక్‌ని పంతులూ అనే పిలుస్తాడాయన.

"ఏంది పంతులూ, పేరేమో రెడ్డు, చూస్తే రాగిచెంబు! యార్డులో అయితే ఈ సరుకు కొనే నాథుడుండడు."

"దీని రంగే అదండీ. వేయించిన బార్లీ చిటికెడే వేస్తాం. వెలుగులో పెడితే ఎర్రజీర కనిపిస్తుంది. ముందు కాస్త పాకం తీపి, ఆపైన కాల్చిన రొట్టె వాసన, చేదు తక్కువ, చివర్లో నాలుక పొడిబారాలి. అరిచి గోల చేసే బీరు కాదండీ ఇది."

"అరవకపోతే మన గుంటూరోళ్లకేం వినబడుద్దయ్యా!"

కౌశిక్ నవ్వేసి, శరణ్యను తీసుకురావడానికి చీరాల స్టేషనుకు వెళ్లాడు. నవ్వి ఊరుకోవడమే కొంప ముంచింది.

తిరిగొచ్చి కుళాయి తిప్పితే గ్లాసులోకి ఎర్రగా దిగింది. నురుగు లేదు. చేపల పులుసు మీద తేలినట్టు పైన నూనె చుక్కలు.

"ఏం కలిపారండీ?" యలమందని పక్కకు లాగి అడిగాడు కౌశిక్.

యలమంద చెవిలో గుసగుసలాడాడు. "మిర్చిలోంచి తీసిన రంగు నూనె. ఫ్యాక్టరీలో మనోళ్లేగా, డబ్బా తెప్పించి ట్యాంకులో పోయించా. మీ మేడం ముందు నీ పరువు పోగూడదని."

నూనె పడితే నురుగు చస్తుంది. ట్యాంకంతా పోయినట్టే. పొద్దున్నటి గ్లాసు కూడా ఎవరో కడిగేశారు. చేతులు కాలాక ఆకులెందుకు!

శరణ్య ఒక గుక్క తాగింది. దగ్గొచ్చింది. గ్లాసు కింద పెట్టింది.

"ఇది నువ్వు చేసిందేనా, కౌశిక్?"

కాదంటే, పనోళ్లందరి ముందూ యలమంద తల కొట్టేసినట్టవుతుంది. అవునంటే తన నోట్లో తనే మన్ను కొట్టుకున్నట్టు. తర్వాత ఫోన్లో చెప్పుకుంటే సాకనుకుంటుంది. మింగలేక, కక్కలేక, కౌశిక్ యలమంద వైపు చూశాడు. ఆయన మొహం మతాబాలా వెలిగిపోతోంది.

"మొత్తం మావాడేనమ్మా!" అన్నాడు యలమంద, పొంగిపోతూ. "ఒట్టు, నేను వేలు కూడా పెట్టలా!"

శరణ్య ఇంకా కౌశిక్ వైపే చూస్తోంది.

"అవును మేడం, నేనే," అన్నాడు కౌశిక్.