ఇబ్బంది లేదు సార్

సంచి నేను సర్దితే, నా కొడుకు దాన్ని మంచం మీద బోర్లించి మళ్ళీ మొదట్నుంచి సర్దాడు. చొక్కాలు అరచేయంత మడిచాడు. తువ్వాలును గొట్టంలా చుట్టాడు. గడ్డం గీసుకునే సామాను ఒక మూల, మందుల డబ్బా ఇంకో మూల పెట్టి, వేలు దూరే సందు లేకుండా కుక్కాడు. కుడికాలు మడవలేక చాచుకుని, చెమటలు కక్కుతూ చేశాడు ఇదంతా.

"నేను సర్దింది బాగాలేదా?" అన్నాను.

"నువ్వు సర్దితే బస్తాలా ఉంటుందమ్మా. చూసినవాళ్ళు నవ్వుతారు."

"ఆసుపత్రిలో సంచులెవరు చూస్తార్రా?"

"అలవాటు."

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మీసాలు సరిగా రాకుండానే పటాలంలో చేరాడు. సెలవు ముగిసిన ప్రతిసారీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. వాడు మలుపు తిరిగేదాకా చూసి, తిరిగాక ఖాళీ రోడ్డును చూసేదాన్ని. ఇంట్లోంచి ఎవరు ఎందుకు బయటికి అడుగు పెట్టినా, పాల ప్యాకెట్ కోసమైనా సరే, గుండె దడదడలాడటం నాకు అప్పుడే పట్టుకుంది. వాడు ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చి ఏళ్ళు గడిచినా వదల్లేదు. ఈసారి మాత్రం కాస్త ధైర్యంగానే ఉన్నాను. వాడితో పాటు నేనూ బస్సెక్కుతున్నాను కదా! బట్టల మిల్లులో కోడలికి సెలవు దొరకలేదు. లేకపోతే నన్ను పంపేవాళ్ళు కాదు.

"అత్తయ్యా, డాక్టరుతో అన్నీ మీరే విడమర్చి చెప్పండి. ఆయన నోరు విప్పరు" అంది కోడలు గుమ్మంలో.

"వాడికి లేకపోతే నాకు లేదా నోరు?" అన్నాను.

వాడి తుంటిలో ఇనుప ముక్కలున్నాయి. సరిహద్దులో మందుపాతర పేలినప్పుడు దిగినవి. అప్పట్లో కొన్ని తీసి, లోతుగా ఉన్నవాటిని కదిలించకపోవడమే మంచిదని వదిలేశారు. ఇన్నాళ్ళూ అవి వాటి మానాన అవి ఉన్నాయి. ఈమధ్యే తొడ పైభాగం వాచింది. పొద్దు వాలేసరికి పళ్ళు కొట్టుకునేంత చలి, ఆ వెనకే జ్వరం. చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుండేది. మా వీధి డాక్టరు చూసి, "లోపల చీము పట్టింది. స్కాను తీసి, వెంటనే కోసి తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే విషం రక్తంలోకి పాకుతుంది. పెద్దాసుపత్రికి వెళ్ళండి, మాజీ సైనికులకు అక్కడ వేరే వార్డే ఉంది" అన్నాడు.

ఉంది, వార్డు. మెయిన్ బిల్డింగు దాటి, బట్టలు ఉతికే షెడ్డు దాటి, విరిగిన మంచాలు పోగేసిన చోటు పక్కన ఉంది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. వాడి ఉత్తరాలు పక్కింటివాళ్ళ చేత చదివించుకోవడం సిగ్గనిపించి, నడివయసులో సొంతంగా అక్షరాలు కూడబలుక్కున్నాను. అప్పట్నుంచి కంటబడిన బోర్డు చదవకుండా వదల్ను. ఆ వార్డు గుమ్మం మీద కొత్త రంగుతో నిగనిగలాడే బోర్డు ఉంది: 'మీ త్యాగానికి మా వందనం.' లోపల అడుగు పెడితే ఫ్యాన్లలో సగం తిరగవు. కుళాయికి గుడ్డ కట్టి ఉంది. పరుపుల నిండా పాత రక్తం మరకలు. అంత పెద్ద వార్డుకీ ఒక్కతే నర్సు. ఆ పిల్ల పరుగెత్తడమే కానీ నడవడం నేను చూడలేదు.

మా వాడికి కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఎడమ పక్కన మిలటరీ లారీలు నడిపిన డ్రైవరు, కాలికి కట్టు. ఎదురుగా పటాలంలో వంట చేసిన ముసలాయన, గుండె జబ్బు. అందరూ ఆయన్ని వంటన్న అంటారు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చే వేళకి "సాయంగా వచ్చినవాళ్ళు బయటికి, బయటికి" అంటూ కాపలావాడు మమ్మల్ని వరండాలోకి తోలేశాడు. నేను జాలీ కిటికీకి మొహం ఆనించి నిలబడ్డాను. డాక్టరు గుమ్మంలో కాలు పెట్టగానే ఆ వార్డులో జరిగింది చూసి నాకు మతిపోయింది. అప్పటిదాకా మూలిగిన మగాళ్ళందరూ దుప్పట్ల ముడతలు సరిచేసి, మంచాల మీద నిటారుగా కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని, ఎదురు గోడకేసి చూస్తున్నారు. డాక్టరు నడుస్తూనే అడుగుతున్నాడు.

"ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బంది లేదు సార్!"

"నీకు?"

"ఇబ్బంది లేదు సార్!"

నా కొడుకూ అంతే. రాత్రంతా దిండు కొరుక్కుంటూ పడుకున్నవాడు, గంట కొట్టినట్టు చెప్పాడు, "ఇబ్బంది లేదు సార్!" డాక్టరు చెయ్యి వేసి చూడలేదు. దుప్పటి ఎత్తి చూడలేదు. వెనకాల చిన్న డాక్టర్లు ఏదో రాసుకున్నారు. వచ్చిన గాలి వచ్చినట్టే పోయింది.

నేను లోపలికి దూసుకుపోయాను. "ఇబ్బంది లేదని చెప్పడానికేనట్రా ఇంత దూరం బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చింది? ఆ ముక్కేదో ఇంట్లో కూర్చుని గోడకి చెప్పలేకపోయావా?"

"అరవకమ్మా. అందరూ వింటున్నారు."

"విననీ. మీరందరూ ఒక తాను ముక్కలేగా!"

డ్రైవరు నవ్వాడు. "అమ్మా, మీ వాడిని తిట్టి లాభం లేదు. వరసలో నిలబెట్టి ఆఫీసరు 'ఏమైనా ఇబ్బందా' అంటే జవాబు ఒక్కటే. ఇబ్బంది ఉందన్నవాడు ఆ రోజంతా గొయ్యి తవ్వాలి. వాడితో పాటు వరస మొత్తం తవ్వాలి. అది ఎముకల్లోకి పోయింది. నా పెళ్ళిలో మామగారు 'కట్నాలు, కానుకలు, ఏమైనా ఇబ్బందా బాబూ' అంటే ఠక్కున లేచి నిలబడి ఇదే చెప్పా. మా నాన్న ఇప్పటికీ తిడుతున్నాడు, పైనుంచి."

"నేను పప్పులో ఉప్పు మర్చిపోయిన రోజు చూడాల్సింది చెల్లెమ్మా" అన్నాడు వంటన్న. "మూడొందల మంది మింగలేక చస్తూ 'ఇబ్బంది లేదు సార్' అన్నారు. దేశం ఎట్లా నడుస్తోందో నాకు ఆ రోజే తెలిసిపోయింది."

వార్డంతా నవ్వింది. నా కొడుకూ నవ్వాడు. నేను మాత్రం లేచి బయటికి నడిచాను.

వరండాలో పెద్ద డాక్టరును పట్టుకున్నాను. "బాబూ, మా వాడికి రోజూ సాయంత్రం జ్వరం వస్తోంది. తొడ చూడండి. స్కాను రాయండి."

"పేషెంటే ఇబ్బంది లేదంటున్నాడు కదమ్మా."

"వాడు అట్లాగే అంటాడు. వాళ్ళందరూ అంతే. మీకు తెలీదా?"

"అటువైపు బ్లాకులో స్కాను కోసం ఎంతమంది గోల చేస్తున్నారో చూశావా? ఏ ఇబ్బందీ లేనివాడిని ముందు పంపమంటావా? తల్లివి, నీకు భయం ఉంటుంది. భయానికి స్కాను తీయరు."

ఆయన వెళ్ళిపోయాక నర్సు నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, సాయంత్రం ఎవరికి జ్వరం ఎంత ఉందో నేను రోజూ చెబుతూనే ఉంటా. మాత్ర వెయ్యమంటారు. వేస్తే పొద్దునకి తగ్గుతుంది. తగ్గిందిగా అంటారు. ఆయన అరిచినవాళ్ళ మంచం దగ్గరే ఆగుతారు. ఈ వార్డులో అరిచేవాళ్ళు లేరు. అందుకే ఇక్కడికి అందరికంటే ఆఖర్న వస్తారు, అందరికంటే ముందు ముగిస్తారు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు" అన్నాడు కాపలావాడు పక్కనుంచి, పెద్ద తెలిసినట్టు.

"ఏ అమ్మ పెట్టదురా? ఆ సామెత కట్టినవాడెవడో ఈ ఆసుపత్రిలో పుట్టి ఉంటాడు!" అన్నాను.

వాళ్ళకు ఇది కొత్త కాదు. ఏమని అడిగితే ఏమని జవాబొస్తుందో తెలిసే అడుగుతున్నారు. మనుషుల్ని అట్లా తయారుచేసిన సర్కారే ఈ ఆసుపత్రినీ నడుపుతోంది. నొప్పి చెప్పకూడదని నేర్పింది వాళ్ళే, నొప్పి చెప్పలేదు కాబట్టి వైద్యం లేదనేదీ వాళ్ళే.

రెండు రోజులు వాడి వెంటపడ్డాను. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేస్తానని బెదిరించాను. వాడు తల వంచుకుని, "నోటికి రాదమ్మా. నిజంగానే రాదు" అన్నాడు. అప్పుడు వాడి కళ్ళు చూస్తే తెలిసింది, మొండితనం కాదని.

"సరే, నీ కింద పదిమంది జవాన్లు ఉండేవాళ్ళు కదా. అందులో ఒకడికి జ్వరమొస్తే? వాడూ చెప్పుకునేవాడు కాదా?"

"వాడెందుకు చెబుతాడు? నేను చెప్పేవాణ్ణి. నా మనిషి సంగతి నేను చెప్పకపోతే తప్పు నాది."

"మరింకేం? నీ పక్క మంచం వాడి సంగతి నువ్వు చెప్పు. నీ సంగతి వాడు చెబుతాడు."

వాడు నాకేసి చూశాడు. డ్రైవరు మోచేతుల మీద లేచాడు. "అమ్మా, మీరు పటాలంలో ఉండి ఉంటే యుద్ధం పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోయేది" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళు కవాతు నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. ముందు మా వాడు డ్రైవరు సంగతి చెప్పాలి. వెంటనే డ్రైవరు మా వాడి సంగతి చెప్పాలి: జ్వరం, వాపు, ఇనుప ముక్కలు, స్కాను. నేను దగ్గర కూర్చుని అప్పజెప్పించుకున్నాను.

మర్నాడు శనివారం. కిటికీ జాలీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. డాక్టరు వచ్చాడు. మా వాడి గొంతు ఖంగున మోగింది.

"సార్! ఈ మంచం మనిషి కాలు కట్టు వారంగా ఎవరూ విప్పలేదు. వేళ్ళు నల్లబడ్డాయి. వాసన వస్తోంది. చూడాలి సార్!"

డాక్టరు ఆగాడు. నేను వచ్చాక ఆ వార్డులో ఆయన ఆగడం అదే మొదలు. కట్టు విప్పించాడు. వాసన కిటికీలోంచి నా దాకా వచ్చింది. చిన్న డాక్టరొకాయన ముక్కు మూసుకున్నాడు. "థియేటర్‌కి! వెంటనే!" అని పెద్దాయన కేకేశాడు. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే డ్రైవరు, "సార్, ఈయనకి... సార్, ఒక్క మాట..." అంటూనే ఉన్నాడు. "నోరు మూసుకుని పడుకో, నీ ప్రాణం మీదికొచ్చింది" అని తోసుకుపోయారు. మంచం ఖాళీ అయింది.

వంటన్న ఎదురు మంచం మీదనుంచి గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ పక్కాయనకి సాయంత్రాలు..."

"ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోండి. ఇదేమన్నా సంఘమా?" అన్నాడు డాక్టరు. అది ఆజ్ఞ. వంటన్న నోరు మూతబడింది.

డాక్టరు మా వాడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నీకేమైనా ఇబ్బందా?"

నా కొడుకు ఖాళీ మంచం చూశాడు. పెదవులు కదిలాయి. కదిలాయని నేను ఒట్టేసి చెప్పగలను. తర్వాత వీపు నిటారైంది.

"ఇబ్బంది లేదు సార్!"

"ఉంది! ఉంది బాబూ! దుప్పటి తీసి చూడు!" జాలీని గుద్దుతూ అరిచాను. డాక్టరు కిటికీకేసి చూశాడు. "విన్నావుగా, వాడి నోటితోనే" అన్నాడు. కాపలావాడు నన్ను భుజాలు పట్టి వరండా చివరికి లాక్కుపోయాడు.

ఆ సాయంత్రం జ్వరం మాత్రకు లొంగలేదు. నర్సు ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు, పొద్దున ఏమీ లేదన్నాడుగా, ఇంకో మాత్ర వెయ్యమన్నాడు. ఆదివారం పొద్దునకి వాడు నన్ను గుర్తుపట్టలేదు. ఎవరి పేర్లో పిలుస్తూ అందరూ ఉన్నారా అని అడిగాడు. ఆదివారం పెద్ద డాక్టరు రాడు. స్కాను గదికి తాళం. తాళంచెవి ఉన్నవాడికి సెలవు. నేనూ నర్సూ ఆ తలుపు బాదాం. డ్యూటీ డాక్టరు వచ్చి, దుప్పటి ఎత్తి, తొడ మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. ఆ తర్వాత అందరూ పరుగెత్తారు. మొదటి రోజు పరుగెత్తి ఉంటే సరిపోయేది.

సోమవారం పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. "ముందే చెప్పి ఉంటేనమ్మా..." అన్నాడు.

నేను కూర్చోలేదు. "పసిపిల్లలు చెబుతారా బాబూ? స్పృహ తప్పినవాళ్ళు చెబుతారా? వాళ్ళకెట్లా చేస్తావు వైద్యం? చెయ్యి వేసి చూస్తావు. నా కొడుకు మీద ఒక్కసారి, ఒక్కసారి చెయ్యి వేశావా?"

ఆయన బల్ల మీద పెన్ను సరిచేసుకున్నాడు.

చివరి వందనానికి మాత్రం మనుషులు చెప్పిన వేళకు వచ్చారు. తళతళలాడే బూట్లు, తెల్లటి చేతి తొడుగులు. తుపాకులు ఎత్తి గాల్లోకి కాల్చారు. ఎవరికీ సెలవు లేదు, దేనికీ తాళం పడలేదు. కోడలు నా చెయ్యి నలిపేస్తూ, "అత్తయ్యా, వీళ్ళని వెళ్ళిపోమనండి" అంది. నేను అన్నాను. గట్టిగానే అన్నాను. వాళ్ళు వినపడనట్టు ఎదురుగా చూస్తూ నిలబడ్డారు.

డ్రైవరుకు పాదం తీసేశారు. ప్రాణం దక్కింది. చంకకర్రలతో ఇంటికి వెళ్ళిపోయాడు.

నా కొడుకు తిరిగి రాలేదు. వానలు వెనకబట్టిన నెలలో, రెండో ఆదివారం మధ్యాహ్నం, పెద్దాసుపత్రి మాజీ సైనికుల వార్డులో చచ్చిపోయాడు.