తీసేసిన వాక్యం

ఆదివారం సాయంత్రం పిన్ని ఫోన్ చేసి అన్న మొదటి మాట, "గుడ్లన్నీ పోయాయే." రెండో మాట, "నువ్వు రాసినట్టే చేశాను. అక్షరం పొల్లుపోలేదు."

మొదటి మాటకు బాధపడ్డాను. రెండో మాటకు భయపడ్డాను.

పిన్ని హేచరీలో పనిచేస్తుంది. గుడ్లను బీరువాలంత పెట్టెల్లో వెచ్చగా ఉంచి ఇరవై ఒక్క రోజులకు పిల్లల్ని బయటికి తీసే చోటు అది. అక్కడ ఆమె చేరి ఇరవై రెండేళ్ళు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ పని చేసుకుంటూనే. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో వివరణలు రాస్తాను. ఏ సెట్టింగ్ ఎక్కడుంది, ఏది నొక్కితే ఏమవుతుంది, అదీ నా పని. ఆ పెట్టెల వేడిని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ మాదే. "మా అమ్మాయి రాసిన పేజీ ఉంది, భయం లేదు బాబూ" అని యజమాని చేత దాన్ని పెట్టించింది కూడా పిన్నే.

వేడి హద్దు దాటితే సాఫ్ట్‌వేర్ ఒక నంబరుకు ఫోన్ చేయాలి. అది పాత సూపర్‌వైజర్ నంబరు. ఆయన రిటైరయ్యాక ఆ బాధ్యత పిన్నికి వచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్ళి తన నంబరు పెట్టి సేవ్ నొక్కింది. తెరమీద తన నంబరే కనబడింది. ఆదివారం మధ్యాహ్నం పెట్టెలో ఫ్యాను ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ ఫోన్ చేసింది, కానీ పాత సూపర్‌వైజర్‌కి. ఆయన భోంచేసి నడుం వాల్చాడు. మూడుసార్లు మోగితే, ఎవరో ఏదో అమ్మడానికి చేస్తున్నారనుకుని ఫోన్ బోర్లా పెట్టాడట. ఇంకో నాలుగు రోజుల్లో పిల్లలు కావలసిన తొమ్మిది వేల ఆరువందల గుడ్లు లోపలే ఉడికిపోయాయి.

సేవ్ చేస్తే చాలదు. సాఫ్ట్‌వేర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప కొత్త నంబరు పనిచేయదు. ఆ సంగతి నేను రాసిన పేజీలో లేదు.

ఒకప్పుడు ఉండేది.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ప్రోగ్రామర్‌కి నేను పెట్టుకున్న పేరు 'తెలుసుగా'. నేనేం రాయబోయినా అతని నోట వచ్చే మొదటి మాట అదే.

"సెట్టింగ్ మారిస్తే రీస్టార్ట్ చేయాలని అందరికీ తెలుసుగా మేడమ్. రాయడం దేనికి?"

"అందరూ అంటే ఎవరండీ? గుడ్లు పెట్టేవాళ్ళకి తెలుసా?"

"గుడ్లు పెట్టేవి కోళ్ళు మేడమ్."

"వాటికీ తెలీదు."

"అది కాదు. సేవ్ అని బటన్ పెట్టి, సేవ్ చేస్తే చాలదని మనమే రాస్తే నవ్వరూ? వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాను. అప్పుడు మీ వాక్యమే అబద్ధమవుతుంది."

మూడు వారాలు సాగింది ఈ గొడవ. నేను పెడతాను, అతను తీసేస్తాడు. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేనేమీ తక్కువ తినలేదు, రెండుసార్లు అందరి ముందూ అరిచాను కూడా. చివరికి ఒక శుక్రవారం, ఇంటికి వెళ్ళే తొందరలో, విసుగొచ్చి నేనే తీసేశాను. పీడ వదిలిందనిపించింది. వచ్చే వెర్షన్ మాత్రం ఇప్పటికీ రాలేదు.

సోమవారం పొద్దున్నే మేనేజర్ పిలిచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"గురువారం హేచరీలో మీటింగు. పేజీ తెచ్చి చూపించమంటున్నారు. ఆ వాక్యం ఉండాల్సిందే కదా, పెట్టేయ్."

"పెడతాను. మరి తేదీ?"

పేజీ అడుగున 'చివరిసారి సవరించిన తేదీ' అని ఉంటుంది. దానంతట అది మారదు, మేమే వేయాలి.

"తేదీ కదపడం ఎందుకు? తీసేసింది ఎవరా అని పాత ప్రతులన్నీ చూశాను. నీ పేరే ఉంది. అదంతా బయటికెందుకు చెప్పు?"

మింగలేక కక్కలేక నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. తెలుసుగా నావైపు చూడకుండానే, "పెట్టండి మేడమ్, మీరు మొదట్నుంచీ అడిగింది అదేగా" అన్నాడు.

*మార్పులు సేవ్ చేసిన తర్వాత సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్ళీ ప్రారంభించాలి. లేకపోతే పాత సెట్టింగే పనిచేస్తుంది.* మూడు వారాలు పోట్లాడినా నిలబెట్టలేకపోయిన వాక్యం అర నిమిషంలో ఎక్కింది. తేదీ కదపలేదు. ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషిని యజమాని ఏం చేస్తాడులే, నాలుగు చివాట్లు పెట్టి ఊరుకుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. పిన్నికి మాత్రం చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

గురువారం హేచరీ ఆఫీసు గదిలో నలుగురం కూర్చున్నాం. బల్లకు అటు యజమాని, ఇటు నేనూ తెలుసుగా, తలుపు దగ్గర స్టూలు మీద నీలం కోటులో పిన్ని. పక్క గదిలో పెట్టె తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఖాళీ ట్రేలు కడిగి గోడకు ఆనించారు. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు.

యజమాని లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఆ వాక్యం పైకి చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు.

"ఇంత వివరంగా రాసి ఉందమ్మా! చదవలేదా? ఎన్నాళ్ళ నుంచో ఉన్నదానివని నీకు అప్పజెప్పాను. నాదే బుద్ధి తక్కువ. రేపట్నుంచి రావద్దు."

"చదివాను బాబూ. ఒక్క నిమిషం."

పక్క గదిలోకి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. తెరమీద అక్షరాలు ఆనవని ఆ పేజీ ముద్రించుకుని పెట్టె పక్కన గోడకు అంటించుకుందట. నాకు తెలియదు. మూలల్లో టేపు ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి.

పిన్ని లాప్‌టాప్ దగ్గరికి వంగి, ఒక వేలు కాగితం మీదా ఒక వేలు తెరమీదా పెట్టి వరుసగా కిందికి దిగింది. ఆరో వరుస దాకా రెండూ ఒకటే. ఏడో వరుస దగ్గర తెరమీది వేలు ఆగింది. అడుగున తేదీలు చూసింది. రెండింటికీ ఒకటే తేదీ. తర్వాత నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"ఏంటమ్మా ఆ కాగితం?" అన్నాడు యజమాని.

"ఏం లేదు బాబూ." నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. "రాసే ఉంది. నేనే చూసుకోలేదు. నాదే పొరపాటు."

తెలుసుగా ఊపిరి వదలడం వినిపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం నేను బంతితో పగలగొడితే, నన్ను వెనక్కి నెట్టి "నేనే విసిరాను" అన్న మనిషి ఈవిడ. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఇప్పుడు ముప్ఫై నాలుగు.

"పిన్నీ, ఆ కాగితం ఇవ్వు."

"ఏ కాగితం? ఊరుకోవే, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే."

"ఆ వాక్యం అప్పుడు అక్కడ లేదండీ," అన్నాను యజమానితో. "అది తీసేసింది నేను. మొన్న సోమవారం మళ్ళీ పెట్టింది కూడా నేనే. తేదీ మార్చలేదు. ఆ పేజీలో ఏముందో పిన్ని అదే చేసింది."

"మేడమ్!" అన్నాడు తెలుసుగా.

"మీకూ తెలుసుగా," అన్నాను.

"నమ్మకండి బాబూ," అంది పిన్ని, జేబు గట్టిగా పట్టుకుని. "నామీద ప్రేమకొద్దీ ఏదో అంటోంది."

లేచి వెళ్ళి ఆమె జేబులో చెయ్యి పెట్టాను. నా చేతిని పట్టుకుని, నాకు మాత్రమే వినిపించేలా "వద్దే" అంది. ఎందుకంత పట్టుదలో నాకర్థం కాలేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, కాగితం తీసి బల్లమీద పరిచాను.

ఆరు వరుసలు. ఒక్కోదాని పక్కనా పెన్సిల్‌తో ఒక టిక్కు. ఆరో టిక్కు కింద పిన్ని గుండ్రటి చేతిరాత. యజమాని దాన్ని కూడా పైకే చదివాడు.

"ఇంతేనా, ఇంకేమైనా చేయాలా అని అమ్మాయికి ఫోన్ చేశాను. ఇంతే, పేజీలో అన్నీ ఉన్నాయి అంది."

ఆ ఫోన్ ఎప్పుడు వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.

"ఆ రోజు నువ్వు పని తొందరలో ఉన్నావులే," అంది పిన్ని.