ఎర్ర గీత దాటిన రోజు

నేను ఒక రేడియేటర్‌ను. పాత అంబాసిడర్ కారులో, బానెట్ కింద, ఇంజనుకూ ఎదురుగాలికీ మధ్య నిలబడి బతికినదాన్ని. రాగి గొట్టాలు, పైనా కిందా ఇత్తడి తొట్లు, మధ్యలో పలచటి రేకుల మడతలు. నా ఒళ్లంతా ఇంతే. ఇంజను వేడిని మోసుకొచ్చే నీళ్లను చల్లార్చి తిరిగి పంపడం నా పని. కారు కొనేవాళ్లు రంగు చూస్తారు, సీట్లు నొక్కి చూస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. నా వైపు వంగి చూసేది మాత్రం నేను పొగలు కక్కినప్పుడే. అదీ తిట్టడానికే.

మొదట నన్ను ఒక ప్రభుత్వ కార్యాలయం బండికి బిగించారు. అధికారిగారు తనిఖీకి వెళ్లిన ప్రతిచోటా ఆయన కుర్చీ నీడలో వేసేవారు, మమ్మల్ని ఎండలో నిలిపేవారు. పదకొండేళ్ల తర్వాత వేలంలో గిద్దలూరు సిమెంటు కొట్టాయన కొని, పెళ్లిళ్లకు అద్దెకు తిప్పాడు. బంతిపూల దండలు సరిగ్గా నా ముఖానికి అడ్డంగా కట్టేవారు. గాలాడక నేను మరిగిపోతుంటే, శకునం బాగాలేదని లోపల పెళ్లికొడుకు దిగాలుపడేవాడు. రెండు దండలు తీసేస్తే శకునం బాగుపడుతుందని ఎవరికీ తోచేది కాదు.

అక్కడినుంచి తిరుపాలు చేతికి వచ్చాను. ఇరవై రెండేళ్లు పరాయివాళ్ల లారీలు నడిపి, నడుము అరిగిపోయాక, కూడబెట్టిందంతా పెట్టి ఆ కారు కొన్నాడు. ఆదివారం పొద్దున పాత పళ్ల బ్రష్షు తెచ్చి, నా రేకుల మధ్య ఇరుక్కున్న పురుగులనూ దుమ్మునూ ఓపిగ్గా తీసేవాడు. "ఊపిరాడతాందా ఇప్పుడు?" అని నన్నే అడిగేవాడు. అలా అడిగినవాడు నా బతుకులో ఇంకొకడు లేడు.

అతనికి వారంలో రెండు రోజులు ఖాయమైన కిరాయి ఉండేది. సోమవారం, గురువారం ఇద్దరు రోగులను నల్లమల కనుమ దాటించి నంద్యాలలో డయాలిసిస్‌కు తీసుకెళ్లాలి. ఒకరు కొండయ్య, ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఊరంతా ఆయన్ను పోస్టయ్య అనేది. రెండోది కాశింబీ. నలభై దాటని మనిషి, జాకెట్లు కుట్టి కూతురిని చదివిస్తోంది. ఇద్దరికీ మూత్రపిండాలు పాడయ్యాయి. వాళ్ల పల్లెనుంచి నంద్యాలకు రెండు బస్సులు మారాలి, రైలు వేళకూ ఆసుపత్రిలో వీళ్ల వంతుకూ కుదరదు. డయాలిసిస్ అయ్యాక ఆ నీరసంలో బస్టాండులో నిలబడటం వాళ్లవల్ల కాదు. అందుకని తిరుపాలు డీజిలు ఖర్చు మాత్రం తీసుకుని తిప్పేవాడు. దానిలో మిగిలేదేమీ లేదు. మిగలనిదాంట్లోంచే నా బాగోగులు చూడాలి.

మార్చి చివర్లో ఒక బర్రె రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. దాన్ని తప్పించబోయి తిరుపాలు కిలోమీటరు రాయిని గుద్దాడు. ముందు రేకు లోపలికి వచ్చి నన్ను వెనక్కి నెట్టింది. తిరుగుతున్న ఫ్యాను రెక్క నా వెన్నును గీసుకుంటూ పోయింది. ఏడు గొట్టాలు తెగాయి.

రేడియేటర్లు అతికే జిలానీ నన్ను నీళ్ల తొట్టిలో ముంచి, గాలి ఊది, బుడగలొచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాడు.

"తెగిన ట్యూబులు అతికితే నిలవవు తిరుపాలన్నా. రెండు కొసలూ మూసేస్తా. నీళ్లు కారవు గానీ సల్లబడేది తగ్గిపోతాది. ఎండల్లో కనుమ ఎక్కిస్తే ఓర్చుకోదు. కొత్తది ఏసుకో."

కొత్తదానికి జిలానీ చెప్పిన ధర తిరుపాలుకు అందేది కాదు. టైర్లకూ ఇన్సూరెన్సుకూ చేసిన అప్పే ఇంకా తీరలేదు.

"పాతది దొరకదా?"

"ఈ మోడల్ బండ్లన్నీ పాతఇనుము తూకానికి పోయినాయి. కర్నూల్లో ఎతుకుతా. అంతవరకూ ఒకటి గుర్తు పెట్టుకో. మీటరులో వేడి ముల్లు ఎర్ర గీత దాటిందా, యాడుంటే ఆడ ఆపెయ్. దాటినాక నడిపినావంటే ఇంజను బిగుసుకుని పట్టేస్తాది. ఇంజను పోతే నీ బండి కూడా తూకానికే."

ఏప్రిల్ నెలంతా తిరుపాలు నన్ను ఇంటి వైద్యంతో లాక్కొచ్చాడు. చెమ్మ కనిపించిన చోట బట్టల సబ్బు మెత్తగా నలిపి పూసేవాడు. సన్న పగుళ్లను మూస్తుందని నా నీళ్లలో పసుపు కలిపేవాడు. మూత తీస్తే నా లోపల పప్పుచారులా కనిపించేది. అతని భార్య వంటింట్లో పసుపు డబ్బా దాచిపెట్టడం మొదలెట్టింది.

మే నెల రెండో వారంలో అతుకు పూర్తిగా విడిపోయింది. జిలానీ దగ్గర రెండు రోజులు పడుకున్నాను. ఆ రెండు రోజుల్లో గురువారం ఉంది. పోస్టయ్యకూ కాశింబీకీ డయాలిసిస్ తప్పింది. నా మూలంగానే తప్పింది.

సోమవారం పొద్దున కాశింబీని చూసి తిరుపాలు గాభరాపడ్డాడు. ముఖం ఉబ్బి కళ్లు సన్నబడ్డాయి. కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. వెనక సీట్లో ఆనుకుని కూర్చున్నా ఆయాసమే. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల దాకా వచ్చిందని పోస్టయ్య మెల్లగా తిరుపాలుతో అన్నాడు. ఆయన కూడా వాచే ఉన్నాడు గానీ ఆ మాట ఎత్తలేదు.

కనుమ సగం ఎక్కేసరికి వడగాలి మొదలైంది. మూసేసిన గొట్టాలు పోగా మిగిలినవాటితో నేను చేయగలిగిందంతా చేశాను. మలుపు మలుపుకీ వేడి పెరిగింది. చివరి ఎత్తు ముందు నా కింది తొట్టి దగ్గర అతుకు చిట్లి, నీళ్లు ధారగా రోడ్డు మీద పడ్డాయి. తిరుపాలు బండిని పక్కకు తీసి ఆపాడు. చల్లారేదాకా ఆగి, తడిగుడ్డ వేసి మూత తిప్పి, డిక్కీలోని రెండు క్యాన్ల నీళ్లూ పోశాడు. సబ్బు అదిమాడు. అది కరిగి జారిపోయింది.

రెండు కార్లు వచ్చాయి, ఆగలేదు. ఒక లారీ ఆగింది గానీ దాని మెట్టు ఎత్తుకు కాశింబీ కాలు లేవలేదు. బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది, ఫోనుకు సిగ్నలు లేదు.

కాశింబీ తన సంచిలోంచి చిన్న సీసా తీసింది. ఆమె రోజంతా తాగొచ్చని డాక్టరు కొలిచి చెప్పిన నీళ్లు ముప్పావు లీటరే. ఆ రోజు అందులో ఒక్క గుక్కే తాగింది.

"ఇవి పొయ్యన్నా."

"వద్దమ్మా, నోరు ఎండిపోతాది నీకు."

"నాకు నీళ్లే కదన్నా ఎక్కువైనాయి," అంది ఆమె. పోస్టయ్య తన సీసా కూడా ఇచ్చాడు. గుక్కెడు నీటికి లెక్క చెప్పుకునే మనుషులు. వాళ్లు ఇచ్చినదాన్ని నేను నిమిషంలో నేలపాలు చేశాను. రేడియేటర్‌కు సిగ్గుపడే శక్తి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

తిరుపాలు క్యాన్లు పట్టుకుని అడవిలోకి పరుగెత్తాడు. వేసవిలో జంతువుల కోసం అటవీశాఖవాళ్లు కట్టిన సిమెంటు నీటి గుంట ఒకటి అక్కడుంది. అతను తిరిగి వచ్చేటప్పుడు వెంట ఒక మనిషి వచ్చాడు. అక్కడ కాపలా కాసే చెంచు మనిషి, పేరు అంకన్న. అతని ముఖం కోపంగా ఉంది.

"అవి జింకల నీళ్లు. ఈ వారం ట్యాంకరు రాలే," అంటూనే కారులోకి తొంగి చూశాడు. కాశింబీ నోటితో గాలి పీలుస్తోంది. అంకన్న వెనక్కి తిరిగి చెట్లలోకి వెళ్లాడు. చెట్టు బంక, కాస్త గుడ్డ పీలిక తెచ్చి నా పగులులో కుక్కి, తిరుపాలు తెచ్చిన నీళ్లు నాలో పోయించాడు. "దిగువ దాకా పట్టుకుంటాది. పోండి."

చివరి ఎత్తు ఎలాగో దాటాక, కనుమ దిగినంతసేపూ తిరుపాలు ఇంజను ఆపేసి, బ్రేకుల మీద ప్రాణం పెట్టి దించాడు. కింద మైదానం వచ్చింది. అక్కడినుంచి నంద్యాల చాలా దూరం, ఒక్క చెట్టు నీడ లేని తారు రోడ్డు. పది కిలోమీటర్లు వెళ్లామో లేదో అంకన్న పెట్టిన గుడ్డ ఊడిపోయింది. నాలో నీళ్లు లేవు. ముల్లు ఎర్ర గీతను తాకింది. జిలానీ చెప్పినట్టే తిరుపాలు బండి ఆపాడు.

నీళ్లు లేని రేడియేటర్ వట్టి రేకు. నేను ఆ ఎండలో టిక్కుటిక్కుమంటూ నిలబడ్డాను. చుట్టూ కోసేసిన చేలు. బోరు లేదు, ఇల్లు లేదు, అక్కడా సిగ్నలు లేదు.

"ఈడ దించెయ్యన్నా నన్ను," అంది కాశింబీ. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు. "ఏదో ఒక బండి వస్తాది. నీ ఇంజను పోతే నీ ఇల్లెట్లా గడుస్తాది?"

తిరుపాలు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు. అద్దంలో ఆమె పెదాలు చూశాడు. నీలంగా తిరుగుతున్నాయి. 

"పోతే బండే గదా పోయేది," అని తాళం తిప్పాడు.

ఆ తర్వాతి పద్దెనిమిది కిలోమీటర్లలో నేను దేనికీ పనికిరాలేదు. ముల్లు ఎర్ర గీత దాటి, అంకెలు దాటి, గాజు అంచుకు ఆనుకుని ఆగిపోయింది. ఇంజను ముందు మూలిగింది, తర్వాత ఇనుము ఇనుమును రాసుకునే అరుపు మొదలైంది. నూనె కాలిన వాసన కారంతా నిండింది. పోస్టయ్య కాశింబీ చెయ్యి పట్టుకుని, "వచ్చేసినాం తల్లీ, అదిగో ఊరు," అని ఊరు కనపడకముందునుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉందనగా ఇంజను ఒక్కసారి గట్టిగా కుదిపి బిగుసుకుపోయింది. తిరుపాలు ఎదురొచ్చే ఆటోకు అడ్డంగా నిలబడి ఆపి, ఇద్దరినీ ఎక్కించుకుని వెళ్లాడు. మా వైపు తిరిగి చూడలేదు.

తర్వాతి సంగతి ఆ రాత్రి బండిని తోయడానికి వచ్చినవాళ్లతో అతను చెబుతుంటే విన్నాను. ఆలస్యమైనందుకు వాళ్ల వంతు వేరేవాళ్లకు ఇచ్చేశారట. ఖాళీ అయిన మంచం ఒకటే ఉందట. పోస్టయ్య బెంచీ మీద కూర్చుండిపోయి, "ఆమెకు పెట్టండి, నాకు రాత్రయినా పర్వాలేదు," అన్నాడట. కాశింబీకి ఊపిరి కుదుటపడ్డాక, పొద్దుగూకేవేళ ఆయనకూ మంచం దొరికిందట. ఆ రోజుకు ఇద్దరూ బతికారు.

బండి బతకలేదు. మెకానిక్కు ఇంజను విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. తిరుపాలు దాన్ని నంద్యాల బస్టాండు ఎదురు పాతఇనుము కొట్టుకు అమ్మేశాడు. నన్ను విడదీసి గోడకు ఆనించారు. రాగి ధర పెరిగేదాకా ఉంచుదామని కొట్టు యజమాని అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక గురువారం మధ్యాహ్నం తిరుపాలు ఆ కొట్టులోకి వచ్చాడు. బాగా తగ్గిపోయాడు. వ్యాను రేడియేటర్ ఏదైనా ఉందా అని అడిగాడు.

"మళ్లీ బండి కొన్నావా?" అన్నాడు యజమాని.

"కొనేదానికి యాడుంది సామీ. మా ఊర్లో ఒకాయన వ్యాను రేడియేటర్ పోయి మూలన పడుండాది. బాగుచేసుకుంటే నడుపుకోమన్నాడు." కాసేపాగి అన్నాడు. "మా పోస్టయ్య పోయిన నెల పోయినాడు. బండి పోయినాక నాలుగు వారాలు బస్సుల్లో తిరిగినాడు. ఒకసారి బస్టాండులో పడిపోయినాడు. ఆ తర్వాత ఇంక నేను రానని ఇంట్లోనే పడుకున్నాడు. ఎంత చెప్పినా లేవలే."

యజమాని చేతిలో పని ఆపేశాడు. నా రేకుల్లో ఎక్కడో మిగిలిన చెమ్మ కూడా ఆ మాటతో ఇంకిపోయింది. ఆ రోజు నేను ఇంకో పద్దెనిమిది కిలోమీటర్లు నిలిచి ఉంటే ఇంజను ఉండేది. ఇంజను ఉంటే కారు ఉండేది. ఇంతకు మించి నాకు తెలియదు.

తిరుపాలు కుప్పలో వెతికాడు. నా పక్కనే రెండుసార్లు వంగాడు. గుర్తు పట్టాడో లేదో చెప్పలేను. నేను ఎలాగూ ఆ వ్యానుకు సరిపోను. చివరికి అల్యూమినియంది ఒకటి దొరికింది. దాని ఒక మూతి అరచేత్తో మూసి, రెండో మూతిలో నోరు పెట్టి ఊది, చెవి ఆనించి విన్నాడు. గాలి ఎక్కడా పోవడం లేదు. బేరం ఎక్కువ సాగలేదు. యజమాని అడిగినదాంట్లో సగమే తీసుకున్నాడు.

బయట చూరు కింద కాశింబీ నిలబడి ఉంది. చేతికి డయాలిసిస్ కట్టు ఇంకా అలాగే ఉంది. తిరుపాలు రేడియేటర్‌ను భుజాన వేసుకుని, ఆమె సంచీ తీసుకుని, వానలో రోడ్డు దాటాడు. బస్సు దగ్గర కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందిది? దీన్ని పైకెక్కించు. లోపలికి కుదరదు."

"పైన తడుస్తాది సామీ, దెబ్బ తగులుతాది. ఒళ్లో పెట్టుకుంటా."

"సీటంతా గలీజైతాది."

"లుంగీ కప్పుతాలే," అన్నాడు తిరుపాలు. కాశింబీ అప్పటికే మెట్టు పట్టుకుని, ఒక్కో కాలూ పెట్టి, ఎక్కుతోంది. కండక్టరు ఆమె చేతికున్న కట్టు చూశాడు. పక్కకు తప్పుకున్నాడు. తిరుపాలు కిటికీ పక్కన కూర్చుని, ఆ రేడియేటర్‌ను లుంగీలో చుట్టి, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నాడు. బస్సు కనుమ వైపు తిరిగింది.