వార్త మాదిరి రాయమన్నాడు

ఉగాదికి ప్రకటన ఇచ్చిన పెద్దమనిషికి పచ్చడి కంటే ముందు కావలసింది తన బొమ్మ. మా వైపు అదొక మర్యాద. పండగ శుభాకాంక్షలు చెప్పే వంకతో నిలువెత్తు ఫొటో, కింద దుకాణం పేరు, ఆ కింద కొడుకుల పేర్లు. చదివినవాళ్లకు శుభం జరిగిందో లేదో గానీ, మా 'మూడూళ్ల వార్త' మాత్రం ఏళ్ల తరబడి ఆ బొమ్మల మీదే బతికింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంగతులు రాసే వారపత్రిక అది. సంపాదకురాలిని నేనే, విలేకరిని నేనే, ప్రకటనల కోసం అంగడంగడికీ తిరిగేదాన్నీ నేనే. పేరు శాంతకుమారి. శాంతం పేరులో తప్ప ఇంకెక్కడా లేదని మా ఇంట్లోవాళ్లు అంటారు.

కాగితం ధర మండిపోయి, 2008 మొదట్లో అచ్చు ఆపేసి పత్రికను ఇంటర్నెట్‌లోకి మార్చాను. అచ్చాఫీసు బాకీలూ, ఏజెంట్ల అలకలూ వదిలాయనుకున్నాను. వాటితోపాటు ప్రకటనలిచ్చేవాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది గోవిందరాజులు ఒక్కడే. పుంగనూరులో టమోటా నారు పెంచి అమ్మే నర్సరీ ఆయనది. ఆయన ప్రకటన ఉంటే పత్రిక ఉంటుంది, లేకపోతే మూతే.

ఆ ఉగాది సాయంత్రం ఆయన బామ్మర్దులనూ వియ్యంకుడినీ వెంటేసుకుని మదనపల్లె బస్టాండు పక్కనున్న బాలాజీ నెట్ సెంటరుకు వెళ్లాడు, తన బొమ్మ చూపించడానికి. బాలాజీ మా పేజీ తెరిచాడు. వార్తలున్నాయి. బొమ్మ లేదు. పైకీ కిందికీ ఎంత జరిపినా లేదు. వియ్యంకుడు నవ్వాపుకోలేక దగ్గాడట. గోవిందరాజులు అక్కడినుంచే నాకు ఫోన్ చేశాడు.

"యాడమ్మా నా బొమ్మ? పండగ పూట నలుగుర్లో నా పరువు తీసేస్తివి గదా!"

మా ఇంటి కంప్యూటర్లో ఆయన బొమ్మ చిరునవ్వు నవ్వుతూనే ఉంది. పరుగున సెంటరుకు వెళ్లాను. కాసేపటికి సంగతి తేలింది. ప్రకటనలు కనబడకుండా ఆపే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి బాలాజీ తన కంప్యూటర్లన్నిటికీ వేసుకున్నాడు. వార్త వస్తుంది, ప్రకటన రాదు.

"యాల ఏసినావప్పా ఇది?" అని అరిచాను.

"ఏం చేసేదక్కా, నెట్టు నత్త మాదిరి నడస్తాండాది. ఆ ఎగిరే బొమ్మలన్నీ వచ్చేలోపల అంగళ్లు ఊరి కాలేజీ పిలకాయలు లేసి పోతాండారు. ఆ పైన వైరస్సులు. నీ మీద కోపంతో ఏసింది కాదు."

గిరాకీ పోగొట్టుకుని నా పత్రికను పోషించాల్సిన అవసరం అతనికేముంది? కానీ భయం మాత్రం గట్టిగానే పట్టుకుంది. చదివేవాళ్లు చదువుతూనే ఉంటారు, వార్తకు అన్నం పెట్టే ప్రకటన వాళ్ల కంటబడదు. కంటబడని దానికి ఎవరిస్తారు?

గోవిందరాజులు అప్పటికే దారి వెతికేశాడు. వ్యాపారం చేసే బుర్ర మరి.

"వార్త కనబడ్తాండాది గదమ్మా? అయితే నా సంగతి వార్త మాదిరి రాసెయ్. గోవిందరాజులు నారుతో రైతులు బాగుపడినారని రాయి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ఏడాది పొడుగునా నీ పత్రికను నేను సూసుకుంటా."

వియ్యంకుడు తలూపాడు. సరేనంటే ఏడాది పాటు దిగులుండదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"రాస్తానన్నా. కానీ చేను చూసే రాస్తాను," అన్నాను.

"సూడు తల్లీ, ఎవరొద్దన్నారు? రామకుప్పం కాడ మారప్ప చేనుకు పోదాం. అంతా నా నారే ఏసినాడు." ఆయన గొంతులో అబద్ధం లేదు. తన నారు మీద ఆయనకు నిజంగానే నమ్మకం.

మర్నాడు ఆయన జీపులో పలమనేరు, వి.కోట మీదుగా వెళ్లాం. దారి పొడుగునా వార్తకు హెడ్డింగులు ఆయనే చెబుతూ వచ్చాడు.

మారప్ప రాత్రంతా ఏనుగులు చేలో పడకుండా కాపలా కాసి పాకలో నిద్రపోతున్నాడు. ఆయన భార్య మునెమ్మ చేలో మొక్కలు పీకి గట్టు మీద పడేస్తోంది. ఆకులు ముడుచుకుపోయి, మొక్కలు గిడసబారి ఉన్నాయి. కాయ లేదు. పక్కనే నాలుగు సాళ్లలో, అదే మట్టిలో, అదే నీళ్లతో, టమోటా నిగనిగలాడుతోంది.

"ఆ నాలుగు సాళ్లూ మా ఇంటెనక పోసుకున్న నారు. మిగిలిందంతా పుంగనూరు నారు," అంది మునెమ్మ.

గోవిందరాజులు వంగి ఒక ఆకు తిప్పి చూశాడు. ముఖం వాడిపోయింది. "నర్సరీ మీద వల సినిగింటే మార్చకుండా నెట్టుకొచ్చినా. తెల్లదోమ సేరి నారుకు తెగులు అంటించినట్టుండాది," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

"చేతిలో పనే గదా నారు పోసుకోవడం, ఇది ఎందుకు కొన్నారమ్మా?" అని మునెమ్మను అడిగాను.

"పేపర్లో పడింటే కొంటిమి. మీ పేపరేనమ్మా, పోయిన దీపావళికి. పేపర్లో అబద్ధం రాస్తారా అన్న్యాడు మా ఆయన."

"అది ప్రకటనమ్మా. వార్త కాదు."

"మాకేం తెలుస్తాది? పేపరు నీది, మాట నీది."

చెంప మీద కొట్టినట్టయింది. వార్తకూ ప్రకటనకూ మధ్య గీత గీశానని ఇన్నేళ్లూ నాకెంత గర్వమో. ఆ గీత నా బల్ల మీదే ఉంది, ఈమె చేను దాకా రాలేదు. ఇప్పుడు ఆ ఉన్న గీతను కూడా చెరిపేయమని అడుగుతున్నారు నన్ను.

జీపెక్కాక గోవిందరాజులు మెల్లగా అన్నాడు. "ఇది రాయొద్దమ్మా. వల మార్చేస్తా. మారప్పకు మళ్లీ నారిస్తా. నా ప్రకటన అట్లే ఉండనీ, బొమ్మ కనబడకపోయినా పర్వాలేదు."

"ఈ నారు ఇంకా ఎందరు నాటినారో, వాళ్లకు తెలియాల గదన్నా."

"రాస్తే నీ పత్రిక నిలబడదు."

"రాయకపోతే నిలబడి ఏం చేయాలన్నా?"

పలమనేరు చేరేసరికి భయం పోలేదు గానీ, ఏం చేయాలో మాత్రం తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే రాశాను. ఈ నర్సరీ యజమాని మా పత్రికకు ప్రకటనలిచ్చే మనిషని మొదటి వాక్యంలోనే చెప్పాను. చేలో చూసింది రాశాను. వల గురించి ఆయనన్నదీ, మళ్లీ నారిస్తానన్నదీ రాశాను. తెగులు ఎక్కడినుంచి వచ్చిందో వ్యవసాయాధికారులు తేల్చాలని కూడా రాశాను. మునెమ్మ లాంటివాళ్లు నెట్ సెంటరుకు రారు కాబట్టి, పైన పెద్ద అక్షరాలతో 'ఇది వార్త' అనీ, కింద నా ఫోన్ నంబరూ వేసి బాలాజీ దగ్గర కాగితాలు తీయించాను. పాలబండ్లవాళ్లను బతిమాలి ఊరూరా పాలకేంద్రాల గోడలకు అంటించమన్నాను.

మర్నాడు గోవిందరాజులు ప్రకటన తీసేయమన్నాడు, తీసేశాను. పేజీలో ఇక వార్తలు తప్ప ఏమీ లేవు. దీన్నెట్లా నడపాలా అని తల పట్టుకుని కూర్చునుండగా ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి గొంతు.

"నా పేరు మునీశ్వరి, పుంగనూరు పక్క పల్లె. పాలకేంద్రం గోడకు నీ కాయితం ఉండాదమ్మా. మా చేను కూడా అట్లే ముడుసుకుని ఉండాది. ఒక మాట అడగతా, నిజం చెప్పు. ఇది వార్తేనా, ఎవురన్నా దుడ్లిచ్చి ఏపించిందా?"

"వార్తే తల్లీ. ఎవరూ ఇయ్యలేదు."

"అయితే మా చేనుకు కూడా రా."

చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను.